పోటీ టెండర్లు – పురజనుల సొమ్ము
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



నేడు మీ యెదుట నేను ప్రస్తావింపబూనినది మనోహరమైన విషయము కాదు. చెత్త నెత్తు బండ్లు, నీరు తోడు పంపులు, వీధి దీపములు – వీనిని పురపాలక సంఘము లెట్లు కొనవలెననునదే నా విషయము. ఇది కచేరీ గుమాస్తాల చిల్లర వ్యవహారమని తలంపకుడు. తిరుపతి పురపాలక సంఘము 1886లో ఏర్పడినది. చిత్తూరు సంఘము 1917లో ఏర్పడినది. తిరుపతి 2007లోను, చిత్తూరు 2012లోను నగరపాలక సంస్థలైనవి. పేరు పెరిగినది, వ్యయమును పెరిగినది. కాని ఆ పెట్టెలో పడు ప్రతి రూపాయియు ఎవరో యొక పౌరుడు కట్టిన పన్నే యను సత్యము మాత్రము మారలేదు.

టెండరనగా నేమి? పదుగురిని పిలిచి, వారి ధరలను గోప్యముగా గైకొని, అందరి యెదుట విప్పి, ముందు ప్రకటించిన కొలబద్దతో కొలిచి యొకరి నెన్నుట. దీని ప్రాణమంతయు “ముందు ప్రకటించిన” అను మాటలోనే యున్నది. బొంబాయి విమానాశ్రయమున భోజనశాల నడుపుటకై పిలిచిన టెండరు విషయమున, 1979లో రమణ దయారాం శెట్టి వ్యాజ్యమునందు సుప్రీంకోర్టు ఈ ధర్మమునే స్థాపించినది. తాను ప్రకటించిన అర్హతకు ప్రభుత్వ సంస్థయే కట్టుబడవలెను. తోచినప్పుడు దానిని సడలించుటకు వీలులేదు. ఏలయన, నియమము సడలునని ముందే తెలిసియున్నచో, అర్హత లేదని వెనుదీసిన వారెందరో తామును పోటీకి వచ్చియుందురు గదా!

పూర్వము కాగితపు టెండర్ల దినములలో, పెట్టెలో కవరు వేయవచ్చిన వానిని గుమ్మము కడనే యడ్డగించుట మన రాష్ట్రమున వినని మాట కాదు. ఆ దుర్నయమును మాన్పుటకే 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఎలక్ట్రానిక్ టెండర్ల పద్ధతి ప్రవేశపెట్టబడినది. చిత్తూరు పొరుగుననున్న తమిళనాడు 1998లోను, కర్ణాటక 1999లోను ఇట్టి కొనుగోళ్లకు ప్రత్యేక శాసనములనే చేసికొన్నవి. గుమ్మము కడ నిలిచిన దుడ్డుకర్రను యంత్రము తొలగించినది. సంతోషమే. కాని కలముతో చేయు మోసమును యంత్రమెట్లు పట్టును?

ఆ మోసము మూడు తెరగులు. మొదటిది, సరకు లక్షణములను వ్రాయుటలో నున్నది. పంపు ఇంత నీటిని ఇంత యెత్తునకు తోడవలెనని వ్రాయుట న్యాయము. ఒక్క కంపెనీ యంత్రమునకే యుండు కొలతలను ఏరి వ్రాసినచో, పోటీ పుట్టకముందే చచ్చినది. రెండవది, గడువు. కేంద్ర ప్రభుత్వపు 2017 ఆర్థిక నియమావళి సామాన్యముగా మూడు వారములకు తక్కువ కాని గడువీయవలె ననుచున్నది. ఒకే అవసరమును ముక్కలు చేసి పెద్ద టెండరును తప్పించుకొనరాదనియు చెప్పుచున్నది. మూడవది, పోటీదారుల కూటమి. పైకి నలుగురు, లోపల నొక్కరు. ముగ్గురు కావలెననియే హెచ్చు ధర వేయుదురు. 2002 నాటి పోటీ చట్టము దీనిని నిషేధించినది. దీనిని గూర్చి పోటీ కమిషనునకు ఎవరైనను సమాచారమీయవచ్చును.

ఇక, తక్కువ ధరయే న్యాయమా? అని మీరడుగవచ్చును. ఒక పంపు నాలుగు లక్షలు, మరియొకటి అయిదు లక్షలు అనుకొందము. మొదటిది గంటకు ముప్పది యూనిట్లు, రెండవది ఇరువదియారు యూనిట్లు విద్యుత్తు త్రాగును. దినమునకు పది గంటలు, ఏటికి మున్నూరు దినములు నడిపినచో భేదము 12,000 యూనిట్లు. యూనిట్టు ఏడు రూపాయలైనచో ఏటికి 84,000 రూపాయలు. హెచ్చుగా నిచ్చిన లక్ష పదునైదు నెలలలోపే తిరిగివచ్చును. కావున నడుపు వ్యయమునుగూడ లెక్కింపవలసినదే. అయితే ఆ లెక్క కట్టు విధమును టెండరు ప్రకటనయందే తెలుపవలెను. కవరులు విప్పినపిమ్మట తెలిపిన లెక్క లెక్క కాదు, సాకు.

కొన్న సరకును పరీక్షించుటయు కొనుగోలులో భాగమే. తిరుమల లడ్డూ ప్రసాదమునకై కొన్న నేతి విషయమున 2024లో రేగిన వివాదము మన మెరుగనిది కాదు. ఆ యేడు అక్టోబరు 4న సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందము నేర్పరచినది. నిజానిజములు తేల్చుట మన పని కాదు. కాని వచ్చిన సరకును వచ్చినప్పుడే స్వతంత్రముగా పరీక్షింపనిచో టెండరు కాగితమెంత చక్కగా నున్నను ఫలము లేదను పాఠము ఊరూరికిని వర్తించును.

“మన ఊరి వర్తకులను విడిచి పరాయివారికిచ్చుట యేల?” అని కొందరందురు. ఆ మాటలో ఆర్ద్రత కలదు. చిన్న వర్తకునకు ధరావతు తగ్గింపుడు. బిల్లు సొమ్మును సకాలమున చెల్లింపుడు. నెలల తరబడి సొమ్ము రాదని తెలిసిన చిన్నవాడు పోటీకే రాడు. వచ్చువాడు ఆ జాప్యమును ధరలో కలుపుకొనును. ఇట్లు సహాయము బహిరంగముగా చేయవచ్చును గాని చాటున చేయు సహాయము పక్షపాతమే యగును.

మహాశయులారా! కంచె చేను మేయుచున్నదని నిట్టూర్చుట సులభము. కంచెను కనిపెట్టి యుండుట కష్టము. ఈ మందిరమునకు పత్రికలు చదువ వచ్చు మీరు టెండరు ప్రకటనలను గూడ చదువుడు. వచ్చిన ధరల తులనాపట్టికను, ఒకరి నెన్నుటకు కారణమును ప్రకటింపుమని మీ సభ్యు నడుగుడు. ఆతడు మౌనము వహించినచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము మీ చేతనున్నది. న్యాయముగా గెలిచిన వర్తకునకు దీనివలన నష్టము లేదు. నిజాయితీ గల అధికారికి ఇది రక్షణ. వెలుతురును చూచి బెదరువాడెవడో, మనము కనిపెట్టవలసినవాడు వాడే.