పిల్లలు, ఫోన్, ఎదుటి మనిషి

ఫోన్ పట్టుకున్న పిల్లలు నలుగురిలో కలవలేరని అంటుంటాం. నిజమేనా? 2014లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. ఆరో తరగతి పిల్లలు ఐదు రోజులు ప్రకృతి శిబిరంలో ఉన్నారు. ఫోన్ లేదు, టీవీ లేదు. ఆ తర్వాత ముఖం చూసి కోపమో, భయమో, దిగులో పోల్చుకోవడంలో, శిబిరానికి వెళ్లని పిల్లలకంటే ఎక్కువ మెరుగుపడ్డారు. ఫోన్ లేనందుకా? రోజంతా తోటిపిల్లలతో గడిపినందుకా? అది ఆ అధ్యయనం తేల్చలేదు. నాకైతే రెండోదే బలమైన కారణం అనిపిస్తుంది. ముఖాలు చదవడం మనుషుల మధ్యనే అలవడుతుంది. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో మాట వినబడదు. అక్కడ సైగా, కనుబొమ్మా కూడా మాట్లాడతాయి.

మరి ఫోన్ లాగేసుకుందామా? జగిత్యాల, కోరుట్ల వాళ్లు ఒప్పుకోరు. వాళ్ల మాట న్యాయమే. అక్కడ ఎన్నో ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. అమ్మ చాట అంచుకు ఫోన్ ఆనించి, బీడీలు చుడుతూనే ఆయనతో మాట్లాడుతుంది. బిడ్డకు నాన్న ముఖం కనబడేది ఆ తెర మీదే. ఆ పావుగంట వీడియో కాల్, ఒంటరిగా గంటలు గంటలు రీల్స్ తిప్పడం ఒకటి కావు. రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఫోన్ ఎంతసేపు చూశావని అడిగేముందు, అది వచ్చాక ఏ ఆట మానేశావు, ఏ దోస్తును కలవడం తగ్గించావు అని అడగండి. కోప్పడకుండా అడగండి, మీ ఫోన్ పక్కన పెట్టి అడగండి.