ఉద్యోగస్థుల ఇంట సాయంత్రపు చిరుతిండి



ఈ సభలో రెండు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను వెనుకాడితిని. సాహిత్యము చదివినదానను కాను. సంగీతము ఎరిగినదానను కాను. లెక్కల విభాగములో ఫైళ్ళు చూచుకొను ఉద్యోగినిని. “మీకు తెలిసిందే చెప్పండమ్మా” అని వారనిరి. నాకు తెలిసినవి రెండే: లెక్కలు, వంటయిల్లు. ఆ రెండును కలియు చోటు సాయంత్రపు చిరుతిండి. ఇదియు ఒక ప్రసంగ విషయమేనా అని నవ్వువారు నవ్వవచ్చును. రెండేండ్ల క్రిందటి వరకు నేనును నవ్వినదాననే.

మేము కదిర్కామములో కాపురముండబట్టి పదునెనిమిదేండ్లు. ఈ పేటలోను, చుట్టుప్రక్కలను కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. కొందరు గోరిమేటి జిప్మరులో రాత్రి డ్యూటీలు చేయువారు. కొందరు తపాలా, ఆదాయపు పన్ను కార్యాలయములలో పనిచేయువారు. ఎవరి వేళలు ఎట్టివైనను ఒక్క కష్టము అందరి ఇండ్లలోను సమానము. పిల్లలు బడి నుండి నాలుగు గంటలకు వచ్చెదరు. తలిదండ్రులు ఆరున్నరకు గాని ఇల్లు చేరరు. ఈ రెండున్నర గంటల నడుమ పిల్లవాని ఆకలికి ఎవరు జవాబుదారి?

మా ఇంట జవాబుదారి పది రూపాయల పొట్లము. నేను ఉదయము హాజరు యంత్రము మీద వ్రేలు మోపు తొందరలో, బల్లమీద రెండు పొట్లములు పెట్టి తాళము వేసి పోవుచుంటిని. పొట్లము లేని దినమున వీథి చివర బేకరీ ఉండనే యున్నది. ఫ్రెంచివారు 1954లో ఈ ఊరి పరిపాలన విడిచిపోయిరి గాని రొట్టెల పొయ్యి వాసన మాత్రము విడిచిపోలేదు. పిల్లలకు మైదా పఫ్ చేతికందిన చాలును, అమ్మ జ్ఞాపకము రాదు.

రెండేండ్ల క్రిందట మా పెద్దమ్మాయికి పదునాలుగవ యేట బడిలో రక్తపరీక్ష చేసిరి. హిమోగ్లోబిన్ డెసిలీటరునకు 9.4 గ్రాములని వచ్చెను. ఆ వయస్సు ఆడపిల్లకు 12కు తగ్గినచో రక్తహీనత క్రిందనే లెక్క. మెట్లెక్కుచు ఆయాసపడుచున్న పిల్లను నేను బద్ధకస్తురాలని కసరిన దినములు కలవు. ఆ మాట ఇప్పటికిని నన్ను పొడుచుచుండును. వైద్యురాలు ఇనుము మాత్రలు వ్రాసి, తమిళములో ఒక్క ప్రశ్న అడిగిరి: “మధ్యాహ్నము డబ్బా, రాత్రి అన్నము సరే, సాయంకాలము ఏమి తినును?” లెక్కల విభాగములో ఇరువది యేండ్లు పనిచేసిన నాకు, నా ఇంటి పద్దు ఒకటి తెలియలేదు.

ఆ వారము నేను ఇంటికి ఆడిట్ మొదలిడితిని. ఖాళీ పొట్లము ఒక్కటియు పారవేయక సంచిలో దాచితిని. ఆదివారము నేలపై పరచి లెక్కింపగా, నలుగురు మనుష్యులకు ఇరువది మూడు పొట్లములు తేలినవి. వాటి వెనుక చీమ తలకాయలంత అక్షరములతో ముద్రించిన పట్టికను అద్దము పెట్టి చదివితిని. చదువుట వచ్చినచో అది కూడ ఒక బిల్లు వంటిదే. దినుసులను ఎక్కువ బరువున్నదానితో మొదలుపెట్టి వరుసగా వ్రాయవలెనని నియమము కలదు. నా పొట్లములలో అధిక భాగము మైదా, పామోలీన్ నూనె, చక్కెరలతోనే ప్రారంభమగుచుండెను. ఉప్పును సోడియమని మిల్లీగ్రాములలో వ్రాయుదురు. నాలుగువందల మిల్లీగ్రాముల సోడియము ఒక గ్రాము ఉప్పుతో సమానము. పెద్దవానికి సైతము దినమునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదు. ఈ రెండు అంకెలు జ్ఞాపకముంచుకొన్న యెడల ఏ పొట్లమునైనను అంగడిలోనే ఆడిట్ చేయవచ్చును.

ఈ అంకెలు నా సొంతము కావు. ఉప్పు కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పునదియు అదియే. ఆ సంస్థ కథ మనకు దగ్గరిది. 1918లో నీలగిరులమీది కూనూరులో బెరిబెరి వ్యాధిని గూర్చిన చిన్న పరిశోధనగా మెక్‌కారిసన్ అను వైద్యుడు దానిని ప్రారంభించెను. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చెను. తమిళదేశమున పుట్టి తెలుగునాట స్థిరపడిన సంస్థ అది. తెలుగునాట పుట్టి తమిళదేశమున స్థిరపడినవారము మనము. బదలీలు వారికిని తప్పలేదు! ఆ సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహార సూత్రములలో పొట్లము మీది పట్టికను చదువుకొనుడనుట ఒకటి. ఉప్పు, చక్కెర, కొవ్వు మిక్కుటముగా గల యంత్రపు తిండిని తగ్గించుడనుట మరియొకటి.

సరే, దోషము పట్టుకొంటిని. దిద్దుట ఎట్లు? ఇక్కడ నేను చేసిన తప్పును ముందుగా చెప్పుకొనెదను. మరుసటి ఆదివారము తెల్లవారుజామున లేచి జంతికలు వత్తితిని, చేగోడీలు చుట్టితిని, అరిసెలకు పాకము పట్టితిని. ఇంట చేసినదెల్ల ఆరోగ్యమని నా భ్రమ. ఇంట వేచినను నూనె నూనెయే. మూడు ఆదివారములు గడిచెను. నాలుగవ ఆదివారము నాకు నడుము లేవలేదు. బల్లమీదికి పొట్లములు తిరిగి వచ్చినవి. ఆరు దినములు కార్యాలయములోను, ఏడవ దినము పొయ్యి యెదుటను నిలుచుట ఏ ఆరోగ్యశాస్త్రము?

అప్పుడు కాకినాడ నుండి మా అత్తగారు వచ్చిరి. ఆమె నా గోడు విని అనిన మాట ఇది: “పండగ వంట రోజూ వండితే నడుం విరగదుటే? మా రోజుల్లో జంతికలు సంక్రాంతికే. మామూలు రోజుల్లో పిల్లలకి ఏం పెట్టేవాళ్ళమో నువ్వూ తిన్నావుగా, గుర్తు తెచ్చుకో.”

గుర్తు తెచ్చుకొంటిని. ఉడికించిన శనగలు, అలసందలు. వేయించిన వేరుశనగకాయలు. తడిపిన అటుకులు. ఆవిరి కుడుము. కుంపటిలో కాల్చిన మొక్కజొన్న కండె. ఉడికించిన చిలగడదుంప. శీతకాలములో తేగలు. రోటిలో దంచిన నువ్వుల చిమ్మిలి. వీనిలో ఒక్కటియు బాండీలో మునిగినది కాదు. ఒక్కటియు పూటంతయు పొయ్యి దగ్గర నిలువబెట్టునది కాదు. మన పెద్దలు వేపుడు పిండివంటను పండుగకు విడిచి, ఉడికినదానిని, వేగినదానిని నిత్యమునకు ఉంచుకొనిరి. మనము పండుగ వంటను పొట్లములో కట్టించి ప్రతిదినము తినుచున్నాము. జబ్బు మూలము ఇచ్చటనే ఉన్నదని నా నమ్మకము.

ఇక మా ఇంట ఇప్పుడు నడచుచున్న పద్ధతి చెప్పెదను. రాత్రి పండుకొనబోవునప్పుడు ఒక గ్లాసు శనగలో, అలసందలో, ఉలవలో నానవేయుదుము. ఉదయము ఇడ్డెనలు దిగిన వెంటనే ఆ పొయ్యి మీదనే కుక్కరులో ఉడికించి, నీరు వార్చి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టుదుము. ఈ ఊరి ఉక్కలో ఉడికిన గింజలను పగలంతయు బయట ఉంచరాదు, పులియును. సాయంత్రము పిల్లలే చెంచాడు నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి, కొబ్బరికోరు చల్లి, నిమ్మకాయ పిండుకొందురు. ఆ నిమ్మకాయ రుచికి మాత్రమే కాదు. గింజలలోని ఇనుము శరీరమునకు అంత సులభముగా పట్టదు. పులుపులోని సి విటమిను దానిని పట్టించును. కాఫీ, టీలు అడ్డుపడును. అందుచేత మా ఇంట గుగ్గిళ్ళకు, కాఫీకి నడుమ ఒక గంట దూరము పెట్టితిమి. కాఫీ గ్లాసును వెనుకకు జరుపుట మాత్రము, శనగలు నానవేయుట కంటె కష్టమైన పని అని ఒప్పుకొనుచున్నాను.

ఆదివారము సాయంత్రము అరగంట మాత్రము వేయింపు పని. పావుకిలో మరమరాలు, నూరేసి గ్రాములు వేరుశనగపప్పు, పుట్నాలు. వేరువేరుగా సన్ననిసెగను వేయించి, రెండు చెంచాల నూనెలో పసుపు, కారము, కరివేపాకు, తగుమాత్రము ఉప్పు వేసి కలిపిన, గాలి చొరని డబ్బాలో రెండు వారములు నిలువయుండును. నువ్వులు రెండు పాళ్ళు, బెల్లము ఒక పాలు కలిపి మిక్సీలో త్రిప్పి ఉండలు చేసిన చిమ్మిలి సిద్ధము, పాకముతో పనిలేదు. రాగిపిండి జావ కాచి మజ్జిగ కలిపిన వేసవికి సాటిలేనిది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు; అంతే తూకపు పాలలో ఉండు కాల్షియమునకు అది రెండింతలకు పైమాట. ఏమియు చేయలేని దినమున అరటిపండు, గుప్పెడు వేరుశనగలు. అదియు చిరుతిండియే, అందులో అపరాధ భావము వలదు.

కొన్ని జాగ్రత్తలు కూడ చెప్పవలెను. బెల్లము మంచిదని మితిమీరరాదు. మధుమేహము గలవారికి బెల్లమును చక్కెర వంటిదే. సముద్రపు తేమగాలిలో వేరుశనగలు త్వరగా బూజు పట్టును. ముడుచుకొనినవి, రంగు మారినవి, చేదెక్కినవి ఏరి పారవేయవలెను. ఆ బూజు విషము వేయించినను పూర్తిగా పోదు. నాలుగేండ్లలోపు పసివారికి గింజలు గింజలుగా పెట్టరాదు, గొంతున పడును. పొడి చేసి పెట్టవలెను. ఒకమారు వేచిన నూనెను మరల మరల కాచరాదు.

ఇంతవరకు విన్న సోదరులు, “బాగున్నది, మా ఇంటావిడకు చెప్పెదము” అనుకొనుచుందురు. ఆ మాట అనుకొనవలదనియే నేను ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. ఆరోగ్యము పేరిట ఇల్లాలి నడుముపై మరియొక బరువు మోపినచో ఈ పద్ధతి నెల నిలువదు. నేను మూడు వారములలోనే పడిపోతిని. మా ఇంట ఇప్పుడు రాత్రి గింజలు నానవేయుట పదకొండేండ్ల అబ్బాయి పని. ఆదివారపు వేయింపు మావారిది. మొదటి వారము మరమరాలు మాడినవి, రెండవ వారము మాడలేదు. ఏ దినమున ఏది అన్న పట్టిక వ్రాసి వంటింటి తలుపునకు అంటించుట అమ్మాయి పని. నాకు మిగిలినది ఉదయపు కుక్కరు ఒక్కటే.

ఆ పట్టిక వలన నేను తలపెట్టని మేలొకటి కలిగెను. మా పిల్లలు ఇచటనే పుట్టిరి. పుట్నాలను పొట్టుక్కడలై అనియు, అటుకులను అవల్ అనియు, నువ్వులను ఎళ్ళు అనియు ఎరుగుదురు గాని తెలుగు పేర్లు ఎరుగరు. యానాము మన కేంద్రపాలిత ప్రాంతములోనిదే గనుక ప్రభుత్వ కాగితములలో తెలుగునకు ఇచట చోటు కలదు. మా వంటింటిలోనే లేకపోయెను. అమ్మాయి మొదటి వారము తప్పులతో ‘గుగిల్లు’ అని వ్రాసినది. మా అత్తగారు ఫోనులో అక్షరము వెంట అక్షరము చెప్పి దిద్దించిరి. నేడు ప్రక్కింటి తమిళ అక్కగారు శుండల్ గిన్నె పంపిన, మావాడు గుగ్గిళ్ళ గిన్నె తిరిగి ఇచ్చి, “అక్కా, రెండూ ఒకటే, పేరే వేరు” అని వచ్చుచున్నాడు. ఆ పిల్లవానికి రెండు భాషలును, ఒక మంచి తిండియు దక్కినవి.

అమ్మాయి సంగతి చెప్పి ముగించెదను. ఆరు నెలల పిమ్మట హిమోగ్లోబిన్ 12.1 వచ్చెను. ఆ ఘనత ముఖ్యముగా వైద్యురాలు ఇచ్చిన మాత్రలది. రక్తహీనతకు గుగ్గిళ్ళే మందని ఎవరును నమ్మి మాత్రలు మానవలదు. కాని మాత్రలు ఆపిన తరువాత ఏడాదికి పైగా ఆ అంకె మరల క్రిందికి జారలేదు. వైద్యురాలు తిరిగి అదే ప్రశ్న అడిగినప్పుడు, ఈసారి నేను తడబడలేదు. అమ్మాయియే జవాబు చెప్పినది.

చివరకు కార్యవర్గమునకు ఒక విన్నపము. ఈ సభ ముగిసిన పిమ్మట మనకు బజ్జీలు, మైసూరుపాకు, కాఫీ సిద్ధముగా ఉన్నవని వాసన వలన తెలియుచున్నది. నేనును తినెదను, ఇది మనకు పండుగయే గదా. అయితే రాబోవు నెల మామూలు సమావేశమునకు మాత్రము గుగ్గిళ్ళు, అరటిపండ్లు పెట్టుదము. శనగలు నానవేయు పని సోదరులు తీసికొందురు గాక. ఎన్ని గంటలు నానవలెనో తెలియనివారు మా అబ్బాయిని అడుగవచ్చును. వాడు మూడవ వరుసలో కూర్చుండియున్నాడు.