ఆటస్థలంలో స్త్రీల వాటా: టెన్నెసీ అనుభవం

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హింస గురించి, ఆస్తిహక్కు గురించి, కూలిరేట్ల గురించి మాట్లాడుకునే చోట ఆటల ప్రసక్తి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను చదివిన కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. సాయంత్రం నాలుగు దాటితే అది అబ్బాయిలది. మేము తలవంచుకుని దాని పక్కనుంచే బస్టాపుకి నడిచేవాళ్ళం. ఆటల ఫీజు మాత్రం అందరితో సమానంగా కట్టేవాళ్ళం. ఆ డబ్బు ఏమవుతోందని మాలో ఒక్కరమూ అడగలేదు. అడిగిన చోట ఏం జరిగిందో చెప్పటానికే ఇవాళ అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయం చరిత్రను ఎంచుకున్నాను.

1974లో అక్కడి మహిళా బాస్కెట్‌బాల్ జట్టు బాధ్యత 22 ఏళ్ళ యువతికి అప్పగించారు. ఆమే తర్వాత ప్యాట్ సమ్మిట్‌గా ప్రసిద్ధురాలైంది. జీతం నెలకు 250 డాలర్లు. వ్యాను తనే నడిపేది, జట్టు దుస్తులు తనే ఉతికేది. ఆ దుస్తులు కూడా అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవే. మొదటి ఆటలో మెర్సర్ జట్టు చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. 38 సీజన్ల తర్వాత, అల్జీమర్స్ వ్యాధి కారణంగా 2012లో ఆమె తప్పుకునే నాటికి 1,098 విజయాలు, 8 జాతీయ ఛాంపియన్‌షిప్‌లు సమకూరాయి. 1997-98లో ఆడిన 39 ఆటలూ గెలిచారు. ఆమె దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తిచేసింది. 2016లో ఆమె మరణించింది.

ఈ చరిత్రను సాధారణంగా ఒక త్యాగమూర్తి కథగా చెప్తారు. దుస్తులు ఉతికిన సంగతిని మురిపెంగా చెప్పుకుంటారు. నాకు అక్కడే పేచీ ఉంది. అది సంస్థ ఎగ్గొట్టిన జీతం, నియమించని సిబ్బంది. ఇంట్లో స్త్రీ చాకిరీని ప్రేమ అన్నట్టే ఇక్కడ అంకితభావం అన్నారు. ప్యాట్ సామర్థ్యం మీద నాకు అనుమానం లేదు. కానీ అలాంటి సామర్థ్యం ఉన్న స్త్రీలు అంతకుముందూ ఉన్నారు. లేనిది నిధులు, వాటిని అడిగే హక్కు.

ఆ హక్కు 1972లో టైటిల్ 9 అనే చట్టంతో వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యా కార్యక్రమాల్లో లింగ వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం. ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్ వంటి మహిళా ప్రతినిధులు దానికోసం పనిచేశారు. అందులో ఆటల మాటే లేదు. 1975లో నిబంధనలు వచ్చాకే ఆ అర్థం స్పష్టమైంది. కాలేజీ పురుషుల క్రీడలను నడిపే జాతీయ సంఘం వాటిని వ్యతిరేకిస్తూ 1976లో కోర్టుకెక్కింది. 1984లో సుప్రీంకోర్టు తీర్పు చట్టం పరిధిని కుదించింది. దాన్ని పునరుద్ధరించటానికి 1988లో మరో చట్టం కావలసి వచ్చింది. అంటే 16 ఏళ్ళపాటు, వచ్చిన హక్కును నిలబెట్టుకోవటమే ఒక పోరాటం.

టెన్నెసీ హైస్కూళ్ళలో పరిస్థితి చూడండి. అమ్మాయిల జట్టుకు ఆరుగురు. ముగ్గురు కోర్టులో ఒక సగంలో, ముగ్గురు రెండో సగంలో. మధ్య గీత దాటకూడదు. రక్షణకు నిలబడ్డ ముగ్గురికీ బుట్టలో బంతి వేసే అవకాశమే ఉండదు. ఆడపిల్లల శరీరాలు పూర్తి కోర్టు పరుగుకు తట్టుకోలేవన్న పాత నమ్మకం దీని వెనక ఉంది. కాలేజీలు స్కాలర్‌షిప్ ఇచ్చేది అయిదుగురి ఆట ఆడగలిగినవాళ్ళకి. ఒక విద్యార్థిని దావా వేసి 1976లో గెలిచింది, మరుసటి ఏడాది అప్పీలులో ఓడింది. అయినా ఒత్తిడి ఆగలేదు. 1979లో ఆ నిబంధన పోయింది.

ఇక చేదు సంగతి. 1972లో అమెరికా కాలేజీ మహిళా జట్లకు కోచ్‌లుగా 90 శాతానికి పైగా స్త్రీలే ఉండేవారు. నిధులు, జీతాలు పెరిగాక ఆ వాటా సగానికన్నా తగ్గింది. స్త్రీలే నడుపుకున్న క్రీడాసంఘం, కోర్టుకెక్కిన ఆ సంఘమే మహిళల పోటీలు మొదలుపెట్టటంతో 1982లో మూతపడింది. వేతనం లేనప్పుడు అది స్త్రీల పని. వేతనం వచ్చాక అందరి పని!

టెన్నెసీ ఈ ధోరణికి చాలాకాలం ఎదురు నిలిచింది. అక్కడ మహిళా క్రీడలకు ప్రత్యేక విభాగం, సొంత బడ్జెట్ ఉండేవి. 1983 నుంచి జోన్ క్రోనన్ దానికి నాయకత్వం వహించింది. 2012 నాటికి అది పురుషుల విభాగంలో కలిసిపోయింది. 2014లో, బాస్కెట్‌బాల్ తప్ప మిగతా మహిళా జట్లకు ‘లేడీ వాలంటీర్స్’ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించారు. నిరసనల తర్వాత 2017లో తిరిగి ఇచ్చారు. ‘లేడీ’ అన్న మాట మీద మనకు అభ్యంతరం ఉండొచ్చు. కానీ ఆ పేరుతో గెలిచిన స్త్రీలకు అది తమ చరిత్ర. దాన్ని ఉంచటమో తీసేయటమో తేల్చే అధికారం ఎవరిదన్నదే ప్రశ్న.

మనం ట్రోఫీలు లెక్కపెట్టటంతో ఆగిపోకూడదు. మీ ఊరి కాలేజీకి వెళ్ళినప్పుడు మూడు సంగతులు అడగండి: ఆటల నిధిలో అమ్మాయిల మీద ఖర్చయినదెంత? సాయంత్రం మైదానం ఎవరిది? ఈ రెండూ నిర్ణయించే కమిటీలో స్త్రీలెందరు? జవాబులు కాగితం మీద తీసుకోండి. మేము ఆనాడు అడగని ప్రశ్నలు ఇవే.