చూచుట వేరు, వ్రాయుట వేరు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేనీ పాఠశాలలో చదువుకొన్నవాడను. ఆ చనువుతోనే, కొన్నియేండ్ల క్రిందట ప్రవేశపు రిజిస్టరును కంప్యూటరులో నిలుపు పనిని నాకప్పగించిరి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అను సాధనముతో ఒక ఫారమును తయారుచేసితిని. అందు నేను చేసిన తప్పును మీకు చెప్పవలసియున్నది. అది పిల్లల మాతృభాషకు సంబంధించినది.

ఫారము తెరపై ఒక్క క్షణములో కనబడును. కాని ఆ క్షణములోనే ఐదు ఘట్టములు వరుసగా జరుగును. మొదటిది ఓపెన్: అప్పటికింకను వివరములేవియు కనబడవు, తెరువవలదనుకొన్నచో ఇచ్చటనే ఆపవచ్చును. రెండవది లోడ్: వివరములు వచ్చి చేరును. మూడవది రీసైజ్: ఫారము తన కొలతను పొందును. నాలుగవది యాక్టివేట్: ఫారము పనికి సిద్ధమై మన యెదుట నిలుచును. ఐదవది కరెంట్: ఒక విద్యార్థి పుట ఎదుటికి వచ్చును. ఫారమును తెరచినపుడు ఓపెన్, లోడ్ ఒక్కమారే జరుగును. కరెంట్ మాత్రము పుట మారినప్పుడెల్ల జరుగును. బడి తలుపు ఉదయమొకసారి తీయుదుము. హాజరునకు మాత్రము ప్రతి పేరును పిలుతుము గదా!

క్రొత్తగా చేరు పిల్లలకు మాతృభాష గడిలో 'తెలుగు' అని దానంతటదే పడిన గుమాస్తాకు శ్రమ తగ్గునని తలచితిని. ఆ ఆజ్ఞను మొదట లోడ్ ఘట్టమున వ్రాసితిని. అది మొదటి పుటకే తగిలి, క్రొత్త పుటలు ఖాళీగా మిగిలినవి. అంతట దానిని కరెంట్ ఘట్టమునకు మార్చితిని. క్రొత్త పుటలు నిండినవి, సంతోషించితిని. కాని గుమాస్తా ఏ పాత పుటను తెరచినను అందును 'తెలుగు' అని పడి, పుట త్రిప్పగనే భద్రమైపోవుచుండెను. చూచుటయే వ్రాయుటయయ్యెను.

కొంతకాలమునకు ఉర్దూ మాటలాడు ఒక తల్లి తన బిడ్డ ధ్రువపత్రమును చేతబట్టుకొని వచ్చి, "మా భాష ఎప్పుడు మారినదయ్యా?" అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. మన భాషను ఇతరులు తుడిచివేయుదురేమోయని భయపడు మనమే మరియొకరి భాషను తుడిచితిమి.

దిద్దుబాటు చిన్నదే. ఆ ఆజ్ఞను ఘట్టములనుండి తొలగించి, గడికుండు డిఫాల్ట్ వాల్యూ అను గుణమున 'తెలుగు' అని ఉంచితిని. అది క్రొత్త పుటకే వర్తించును. పాత పుటలను తాకదు. పాడైన పుటలను పాత కాగితపు రిజిస్టరుతో సరిపోల్చి ఒక్కొక్కటిగా సవరించితిమి. ఆ రిజిస్టరు లేకున్న మాకు దారి ఉండెడిది కాదు.

1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సదుపాయములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. బిడ్డ మాతృభాష ఏదో తెలుపునది ఈ చిన్న గడియే. కావున ఏటేట ఒకసారి కార్యాలయమునకు వచ్చి, మీ బిడ్డ పేరు, పుట్టిన తేది, మాతృభాష సరిగా నున్నవో లేదో స్వయముగా చూచుకొనుడని ప్రార్థించుచున్నాను.

సెలవు.