చెమట, ఉప్పు, సంగటి: ఆటగాళ్ల ఒంటికి కావలసిన నీరూ తిండీ (స్మారకోపన్యాసం)

అలిపిరి పాదాల మండపం దగ్గర మొదలై తిరుమల చేరే కాలిబాటలో 3550 మెట్లున్నాయి. తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది, తిరుమల 850 మీటర్ల పైన. అంటే కొండెక్కే మనిషి తన ఒంటి బరువును దాదాపు 700 మీటర్లు పైకి మోసుకుపోవాలి. 60 కిలోల బరువును అంత ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం లెక్కన 100 కిలో క్యాలరీల పని సరిపోతుంది. కండరం అంత పొదుపరి కాదు. అది ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, తక్కినదంతా వేడి. అందుకే ఆ 100 కోసం 400 నుంచి 500 కిలో క్యాలరీలు కరగాలి. వాటిలో 300 నుంచి 400 దాకా ఒంట్లో వేడిగానే మిగులుతాయి. దారి మధ్యలోని గాలిగోపురం చేరేలోపే చొక్కా వీపుకు అతుక్కుపోయేది ఈ వేడి వల్లనే.

ఆ వేడిని బయటికి పంపే ముఖ్యమైన దారి చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి దానితో పాటు పోతుంది. ఈ లెక్కన కొండెక్కడానికి అర లీటరుకు కాస్త పైన చెమట చాలాలి. కానీ చాలదు, ఎందుకంటే నేలమీద రాలిన చెమట చుక్క ఒంటిని చల్లబరచదు. చర్మం మీదే ఆవిరైన చెమటకే ఆ గుణం ఉంది. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటే చెమట ఇట్టే ఆరిపోతుంది, ఎంత పోయిందో మనిషికి తెలియను కూడా తెలియదు. ఈశాన్య రుతుపవనాల ముసురులో, అక్టోబరు–నవంబరు నెలల్లో, ఎండ తక్కువైనా గాలిలో తేమ వల్ల చెమట ధారలు కడుతుంది, ఒంటి వేడి మాత్రం దిగదు. ఒక్క ఉష్ణోగ్రత చూసి సాధన వేళలు నిర్ణయించడం అందువల్లే పొరపాటు. తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆటల్లో ఈ కష్టం బాగా తెలిసేది హాకీ గోల్‌కీపర్లకు. ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె నుంచి భారత మహిళల జట్టు దాకా ఎదిగిన ఇతిమరపు రజని గోల్‌కీపరే. ఆ స్థానంలో నిలిచేవారు తలకు హెల్మెట్, ఛాతీకి కవచం, కాళ్లకు మందపాటి ప్యాడ్లు, చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటారు. మైదానమంతా పరిగెత్తకపోయినా, చెమట ఆవిరయ్యే చర్మం చాలా భాగం మూసుకుపోవడంతో వేడి లోపలే నిలుస్తుంది. ‘నిలబడేవాళ్లకు నీళ్లెందుకు’ అనే మాట ఇక్కడ చెల్లదు.

చెమట ఎంత పోయిందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, నమ్మకమైన తూకం యంత్రం ఉంటే చాలు. సాధనకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, పలుచని బట్టలతో తూగాలి. ముగిశాక చెమటను తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ తూగాలి. ఒక అమ్మాయి 50 కిలోల 400 గ్రాములతో మొదలుపెట్టి, గంటసేపట్లో అర లీటరు నీళ్లు తాగి, చివరికి 49 కిలోల 700 గ్రాములు తూగిందనుకుందాం. తగ్గిన 700 గ్రాములకు తాగిన 500 కలిపితే ఆమె చెమట గంటకు 1 లీటరు 200 మిల్లీలీటర్లు. పక్కనే పరిగెత్తిన స్నేహితురాలికి అది 600 మిల్లీలీటర్లే కావచ్చు. జట్టందరికీ ఒకే కొలత నీళ్లు పోయడం శాస్త్రం కాదని ఈ రెండంకెలే చెబుతాయి.

ఒంటి బరువులో 2 శాతానికి మించి నీరు తగ్గితే, అందులోనూ వేడిలో, ఓర్పుతో సాగే ఆటల్లో పట్టు సడలుతుంది. రక్తం పరిమాణం తగ్గుతుంది. ఉన్న రక్తాన్నే కండరాలకూ చర్మానికీ పంచాల్సి రావడంతో గుండె వేగం పెంచుకుంటుంది. కూడలి దగ్గర ట్రాఫిక్ పెరిగేకొద్దీ బండ్లు నిదానించినట్టు చర్మానికి రక్తం నిదానిస్తుంది, ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. వడదెబ్బకు దారి ఇదే.

నీటి తరువాతి సంగతి ఉప్పు. 1923లో ఇంగ్లండు బొగ్గుగని కార్మికుల కండరాల పట్లను పరిశీలించిన కె. నెవిల్ మాస్, చెమటతో ఉప్పు పోతుండగా ఉత్త నీళ్లే తాగడం వల్ల ఆ బాధ వస్తోందని చెప్పారు. పిక్కలు పట్టేయడానికి ఉప్పు లోపం ఒక్కటే కారణం కాదనీ, అలసిన కండరానికి వెళ్లే నరాల సంకేతాలు అదుపు తప్పడం కూడా కారణమనీ తరువాతి పరిశోధన తేల్చింది. అయినా ఉప్పు పోవడం మాత్రం నిజం. లీటరు చెమటలో సోడియం సగటున ఒక గ్రాము దగ్గర ఉంటుంది, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు, దాదాపు అర టీస్పూను. చెమట ఆరాక నల్లచొక్కా మీద తెల్లటి చారలు కట్టేవారికి ఇంకా ఎక్కువే పోతుంది.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని విడమరచి చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే అది వస్తుంది. దప్పికను నమ్మకండి, పట్టినన్ని నీళ్లు తాగండి అన్న సలహా 1990లలో ప్రపంచమంతా పాకింది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తినవారిలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి కనిపించింది. నాలుగు గంటలకు పైగా పరిగెత్తినవారు, దారిలో తాగి తాగి మొదలుపెట్టినప్పటికన్నా బరువు పెరిగినవారు ఈ ప్రమాదానికి దగ్గరయ్యారు. రక్తంలో సోడియం బాగా పడిపోతే మెదడు ఉబ్బుతుంది, తలనొప్పి, వాంతి, మూర్ఛ, ఒక్కోసారి ప్రాణాపాయం. పైకి చూస్తే వడదెబ్బలాగే ఉంటుంది. పడిపోయినవారికి పరీక్ష లేకుండా మరిన్ని నీళ్లు పట్టించడం అందుకే తప్పు. ఆట తరువాత బరువు పెరిగి ఉంటే అవసరానికి మించి తాగినట్టే. దప్పికైనప్పుడు తాగడం, తూకంతో సరిచూసుకోవడం, ఈ రెండూ కలిపితే చాలామందికి క్షేమం.

నీరూ ఉప్పూ పేగునుంచి రక్తంలోకి త్వరగా చేరాలంటే కాస్త చక్కెర తోడుండాలి. సోడియం, గ్లూకోజు ఒకే ద్వారం గుండా జోడుగా పేగుగోడ దాటుతాయని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు. వాటి వెంట నీరూ వస్తుంది. ఈ సూత్రం రెండు చోట్ల పనికొచ్చింది. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ బృందం ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం ఉప్పు, చక్కెర కలిపిన పానీయం చేసింది. నోట పెట్టుకోలేనంత వికారంగా ఉండడంతో నిమ్మరసం పిండారు. అదే గేటరేడ్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు, సోడా బైకార్బనేట్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లోంచి పట్టించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. రెండో కథ మొదటిదానికన్నా ఎంతో గొప్పది, పేరు మాత్రం మొదటిదానికే ఎక్కువ వచ్చింది.

గంటలోపు ఆటకు ఇవేవీ అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. గంట దాటితే రాయలసీమ ఇంటి నీరుమజ్జిగకు సాటి వచ్చేవి తక్కువ. పలుచని మజ్జిగలో ఉప్పు, పొటాషియం, కొద్దిగా పాలచక్కెర ఉన్నాయి. అయితే పిండిపదార్థం చాలదు, గంటకు 30 నుంచి 60 గ్రాములు కావాలి. ఒక అరటిపండు 25 గ్రాముల దగ్గర ఇస్తుంది. చిత్తూరు గానుగ బెల్లంతో చేసిన పానకంలో చిటికెడు ఉప్పు వేసి, మరీ తియ్యగా కాకుండా నీళ్లు పెంచితే కొన్న పానీయం చేసే పనే చేస్తుంది. చిక్కగా చేస్తే కడుపులోనే నిలిచి పొట్ట బరువెక్కుతుంది.

పిండిపదార్థానికి అంత విలువ ఎందుకో 1967లో స్వీడన్‌లో తేలింది. యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ బృందం తొడకండరం నుంచి సూదితో చిన్న ముక్క తీసి, అందులో నిలవున్న గ్లైకోజన్ కొలిచారు. మామూలు తిండి తిన్నవారు సైకిలు యంత్రాన్ని ఒకే జోరున సగటున 114 నిమిషాలు తొక్కగలిగారు. పిండిపదార్థం తగ్గించి మూడు రోజులు తిన్నాక అదే మనుషులు 57 నిమిషాలకే చతికిలబడ్డారు, పెంచాక 167 నిమిషాలు తొక్కారు. ఒంట్లో గ్లైకోజన్ నిల్వ మహా అయితే అరకిలో పైచిల్లర. కొవ్వు ఎంత ఉన్నా, ఆ నిల్వ అడుగంటితే వేగం నిలవదు.

క్షణాల్లో ముగిసే బలానికి వేరే ఇంధనముంది, దాన్ని కనుగొన్నవారిలో ఒకరు తెలుగువారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం సంకోచించినప్పుడు అది విడిపోతుంది, విశ్రాంతిలో మళ్లీ కూడుతుంది. పూర్తి బలంతో చేసే తొలి పది సెకన్ల పనిలో పెద్ద వాటా దీనిదే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలెత్తింది ఈ ఇంధనం సాయంతోనే. సుబ్బారావు పని కాగితం మీద ఆగలేదు. క్రియాటిన్ నోటి ద్వారా తీసుకుంటే కండరంలో నిల్వ పెరుగుతుందని 1992లో హారిస్, సోడర్‌లండ్, హల్ట్‌మన్ చూపారు. మాంసాహారం తినని వారిలో ఆ నిల్వ మొదట్లో తక్కువగా ఉంటుంది. మూత్రపిండాల జబ్బున్నవారు దాని జోలికి పోకూడదు.

ఇక రోజువారీ తిండి. దక్షిణ రాయలసీమ పల్లెలో సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి, ఉలవచారు, మజ్జిగ పక్కపక్కనే కూర్చుంటాయి. రాగిపిండి 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. రాగి నిదానంగా అరుగుతుంది కాబట్టి పోటీకి గంట ముందు పెద్ద ముద్ద తినడం తగదు, మూడు నాలుగు గంటల ముందు మంచిది. మాంసకృత్తుల లెక్కలో మాత్రం ఈ పళ్లెం వెలితి పడుతుంది. ఆటగాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, 50 కిలోల అమ్మాయికి కనీసం 60 గ్రాములు. 250 గ్రాముల రాగిపిండి 18 గ్రాములకు మించి ఇవ్వదు. 50 గ్రాముల చెనక్కాయలు 12, రెండు గుడ్లు 12, గుప్పెడు ఉలవలు 10 కలిస్తే 52 దాకా వస్తుంది. మిగిలింది పాలో పెరుగో పూడ్చాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు దేశంలో పండే తిండిగింజలకు ఇలాంటి అంకెలిస్తాయి. శిక్షకులకు వాటికన్నా నమ్మకమైన ఆధారం లేదు.

అమ్మాయిల విషయంలో ఇనుము మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. రాగిలో ఇనుమున్నా, ఫైటేట్ల వల్ల ఒంటికి పట్టేది కొంచెమే. రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టించినా, సంగటి పక్కన ఉసిరి, నిమ్మ పెట్టినా పట్టేది పెరుగుతుంది. భోజనం వెంటనే టీ తాగితే తగ్గుతుంది. బరువు తగ్గాలని తిండి కోసేసి, నెలసరి ఆగిపోయినా అదే మంచిదనుకునే అమ్మాయిల ఎముకలు పలచబడతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీన్ని ఆటల్లో శక్తి లోపం అనే పేరుతో గుర్తించింది. నెలసరి ఆగితే వైద్యుల దగ్గరికి వెళ్లాలని శిక్షకులు మొహమాటం లేకుండా చెప్పాలి.

సాధన ముగిశాక, తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరున్నర ద్రవం, ఒకేసారి కాక గుక్కగుక్కగా కొన్ని గంటల్లో తాగాలి. కొంత మూత్రంగా పోతుంది కనుకనే అదనం. ఉప్పున్న తిండి తోడైతే నీరు ఒంట్లో నిలుస్తుంది. తూకంలో 700 గ్రాములు తగ్గిన ఆ అమ్మాయికి లీటరు మజ్జిగ, సంగటి ముద్ద, రెండు గుడ్లు, ఊరిబిండి సరిపోతాయి. మరునాడు పొద్దున మళ్లీ తూగితే యాభై కిలోల నాలుగు వందల దరిదాపుల్లో కనిపించాలి. కనిపించకపోతే ఆ రోజు సాధన తగ్గించాలి.