చెరువు మీది పచ్చ తివాచీ

 

స్నాతకోత్సవ వేదికల మీద తామరపువ్వును తలుచుకోవడం మామూలే. ఈసారి ఆ తామరను పక్కకు నెట్టేసిన మొక్క వంతు.

కొల్లేటి సరస్సులో పడవకు అడ్డుపడేది, హైదరాబాద్ చెరువులను కప్పేసేది గుర్రపు డెక్క. ఆకు తీరును బట్టి జనం పెట్టిన పేరది. పుట్టిల్లు అమెజాన్ పరీవాహకం. ఊదారంగు పూలకు ముచ్చటపడి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ తోటల్లోకి తెచ్చుకున్నారు. 1936 నాటికి దాన్ని వదిలించుకోవడానికి అక్కడ చట్టమే చేయాల్సి వచ్చింది.

గుర్తుపట్టడం తేలికే అనిపిస్తుంది. ఆకు కాడ బుడగలా ఉబ్బి ఉంటుంది; చీలిస్తే లోపలంతా స్పాంజిలా గాలి గదులే. ఆరు రేకుల పువ్వులో పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు మచ్చ. నీటి కింద ఈకల్లా వేలాడే నల్లటి వేళ్లు. అయితే మొక్కలు కిక్కిరిసిన చోట ఆ బుడగ మాయమై, కాడలు సన్నగా నిలువునా సాగుతాయి. బుడగనే నమ్ముకున్నవారు అది వేరే మొక్క అనుకుంటారు. అంతరతామరతోనూ పొరపడేవారున్నారు. దాని ఆకులు నూగుతో, నిలువు గాడులతో చిన్న క్యాబేజీలా విచ్చుకుంటాయి. కాడ ఉండీ లేనట్టే.

అనువైన నీళ్లు దొరికితే డెక్క రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. పైన చాప పరిచినట్టు కమ్మేస్తే కిందికి వెలుతురు దిగదు, నీటిలోపలి మొక్కలు చస్తాయి. కుళ్లే ఆకులు ప్రాణవాయువును లాగేసుకుంటాయి, చేపలకు ఊపిరాడదు. అడుగున పూడిక పేరుకుంటుంది. దోమలకు మాత్రం పండగే.

డెక్కను తినే నియోచెటినా ముక్కు పురుగులను 1980లలో భారత్‌కు రప్పించారు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1990ల చివర డెక్క తగ్గడంలో వీటి పాత్ర ఉంది. కానీ చెరువులో కలిసే మురుగులోని నత్రజని, భాస్వరం అందుతున్నంత కాలం, ఎంత పీకినా మళ్లీ మొలుస్తుంది. బురదలో పడిన గింజలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

ఈరోజు పట్టాలు అందుకున్న పట్టభద్రుల్లో కొందరు రేపు మత్స్యశాఖలోనో, పురపాలక కార్యాలయంలోనో చేరతారు. డెక్క తొలగింపు టెండరు ఫైలు బల్ల మీదికి వచ్చిన రోజున, సంతకానికి ముందు వారు ఒకసారి చెరువు గట్టు వెంట నడవాలి. డెక్క మరీ ఏపుగా, ముదురాకుపచ్చగా ఉన్న చోట ఆగి, దగ్గర్లో మురుగు కాలువ కలుస్తోందేమో వెతకాలి. కలుస్తుంటే, ఆ కాలువ సంగతి ఫైల్లో ఎన్నో పేజీలో ఉందో అడగాలి.