పాతర నుంచి గోదాం దాకా: మన గింజ ఎటు పోయింది?

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లమల పెంటల నుంచి వచ్చిన చెంచు తమ్ముళ్లు, చెల్లెళ్లు, దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చిన లంబాడా పిల్లలు ఇయ్యాల ఒక్క చోట కూర్చున్నరు. భూమి గురించి, అడవి గురించి మనం చానాసార్లు మాట్లాడుకున్నం. ఇయ్యాల గింజల గురించి మాట్లాడుత.

పాతర అంటే ఏందో ఇంటికాడ పెద్దవాళ్లను అడగండి. గట్టి నేలల గుంత తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మట్టితోని మూసేది. మంచి పాతరల జొన్న ఏండ్ల తరబడి చెడకుండ ఉండేది. తీసేటప్పుడు మూత తెరిచి, గాలి ఆడేదాక ఎవరూ దిగకపోయేది. లోపలి చెడుగాలికి ప్రాణం పోతదని తెలుసు, అందుకే ముందు దీపం దించి చూసేవాళ్లు. వాన పడని ఏడు ఆ గుంతే ఆదుకునేది. చిన్న ఇండ్లల్ల అయితే పేడతోని అలికిన గుమ్మి. చెంచులకు పాతరలు లేవు. గడ్డలు, తేనె, ఎండబెట్టిన ఇప్పపువ్వు, అంటే వాళ్ల గాదె అడవే. ఆ గాదెకు తాళం ఎవరేసిండ్రో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే పాత రోజులన్నీ బంగారమని నేను అనను. పెద్ద పాతరలు, పెద్ద గరిసెలు దొరల గడీలల్లనే ఉండె. పేదోడు ఎండకాలం నాగుకు గింజలు తెచ్చుకుంటే, పంట చేతికొచ్చినంక బస్తాకు బస్తన్నర కొలవాలె. రెండో ప్రపంచ యుద్ధం నాడు నిజాం సర్కారు లెవీ పెట్టింది. దేశ్‌ముఖులు లెక్కలు మార్చి తప్పించుకున్నరు. చిన్న రైతు మాత్రం తినే గింజలు కూడా కొలిచి ఇచ్చి, మళ్లా ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్నడు. సాయుధ పోరాటంల సంఘాలు మొదట చేసిన పనులల్ల దొరలు దాచిన ధాన్యం బయటికి తీసి పంచుడు ఒకటి. పాలకుర్తి చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖు గుంజుకుపోవాలని చూస్తే, సంఘం వాళ్లు కోసి ఆమె ఇంటికి చేర్చిండ్రు. పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లాలనే ఉండె. ఆ జనగామ తాలూకాలనే ధర్మాపురం లంబాడాలు, ఠాను నాయక్ వంటి వాళ్లు, అదే దేశ్‌ముఖు మీద కొట్లాడిండ్రు. ఈ పేర్లు మన పిల్లల నోట్లె ఉండాలె.

తర్వాత గింజ ఊరు దాటింది. 1965ల భారత ఆహార సంస్థ వచ్చింది. 1967ల నాగార్జున సాగర్ నీళ్లు వదిలిండ్రు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి మాగాణమయ్యింది, మిల్లులు లేచినయ్. దేవరకొండ మెట్టకు ఆ కాల్వ రాలె. మెట్ట మీద జొన్న పోయి ఆముదం వచ్చింది, ఆముదం పోయి పత్తి వచ్చింది. పత్తిని పాతరల పోసి తినలేం గదా! 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక ఆకలి కొంత తగ్గింది, కాదనను. కానీ ఇంట్ల గుమ్మి ఉట్టిదైంది. పాలమూరు కూలీలు బొంబాయికి, పుణెకు తట్టా పార పట్టుకొని పోయిండ్రు.

ఇప్పటి లెక్క వినండి. తెలంగాణల సర్కారు కొన్న వడ్లు 2014-15ల 24 లక్షల టన్నులు. 2020-21ల 141 లక్షల టన్నులు. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోల బియ్యం, ఏడాదికి 420 కిలోలు. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన, దానికి ఆరుంబావు క్వింటాళ్ల వడ్లు కావాలె. అంటే ఆ ఒక్క ఏడు కొన్న వడ్లతోని సుమారు 2 కోట్ల 25 లక్షల కుటుంబాలకు ఏడాది పొడుగునా అంత్యోదయ బియ్యం ఇయ్యొచ్చు. మన రాష్ట్రంల అన్ని కుటుంబాలే లేవు. 2022ల ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం అంటే, కొనాల్సిందేనని రాష్ట్రం ఢిల్లీల ధర్నా చేసింది. వాళ్లిద్దరి పంచాయితీ ఎక్కువైన బియ్యం మీద. ఐదుగురున్న చెంచు ఇంట్ల మాత్రం ఆ 35 కిలోలు మనిషికి రోజుకు పావుకిలో కూడా రావు.

ఆ 35 కిలోలు కూడా ఎవరి దయ కాదు. 2001ల దేశం గోదాములల్ల 6 కోట్ల టన్నులు ముక్కుతుంటే, కరువు ఊర్లల్ల జనం పస్తులున్నరు. పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు పోయింది. ఆ కేసులనే, ఆదిమ గిరిజన తెగల కుటుంబాలకు అంత్యోదయ కార్డు ఇయ్యాలని 2003ల కోర్టు చెప్పింది. మీ పెంటల కార్డు లేని కొత్త జంట ఉంటే, ఈ మాట పట్టుకొని దరఖాస్తు రాయండి.

2025 ఉగాదికి హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం మొదలుపెట్టిండ్రు, మనిషికి 6 కిలోలు. తినేటందుకు బాగుంది, మంచిదే. కానీ సన్నదైనా దొడ్డుదైనా బియ్యమే గదా. 2013 ఆహార భద్రత చట్టంల జొన్న, సజ్జ, తైదల వంటి గింజలు కూడా ఇయ్యొచ్చని ఉంది. అడిగేటోళ్లు లేక అది కాయితం మీదనే ఉంది. జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల దళిత అక్కలు పడావు భూములు సాగుచేసి, జొన్నలు ఊర్లనే నిల్వ పెట్టి, పేదోళ్లకు తక్కువ ధరకు ఇచ్చిండ్రు. ముప్పై ఏండ్ల కింది మాట అది. మన తండాలల్ల, పెంటలల్ల ఎందుకు కాదు? బీడు ఉంది, చేతులున్నయ్. విత్తనం, మొదటి ఏడు పెట్టుబడి ఐటీడీఏను అడుగుదాం.

ఇంకొక పని ఉంది. అదే చట్టంల 27, 28, 29 సెక్షన్లు చదవండి. రేషన్ రికార్డులు అందరు చూసేటట్టు పెట్టాలె, సోషల్ ఆడిట్ చేయాలె, ప్రతి షాపుకు విజిలెన్స్ కమిటీ ఉండాలె, దాంట్ల ఎస్టీలకు, ఆడోళ్లకు చోటియ్యాలె. సిగ్నల్ లేక వేలిముద్ర పడక ఎవరు ఉట్టి సంచితోని మర్లిపోయిండ్రో పేరు, తేదీ రాసిపెట్టండి. వచ్చే నెల షాపుకు పోయినప్పుడు మొదలు స్టాకు రిజిస్టరు చూపెట్టుమనండి, ఆ కమిటీల మీ ఊరోళ్లు ఎవరున్నరో అడగండి. రాసుకున్న కాయితాలు తీసుకొని రండి, అన్నీ కలిపి కలెక్టర్ దగ్గరికి పోదాం.